పొద్దూకితే జ్వరం

"తమ్మీ, జ్వరమొస్తున్నదా?"

ముత్తంగి జంక్షన్ దగ్గర చాయ్ తాగుతున్న శివకుమార్ ఉలిక్కిపడ్డాడు. ఎవరో పెద్దమనిషి, తన నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

శివకుమార్ ఆ చెయ్యి తోసేశాడు. "ఎవరు నువ్వు?"

"మాది హత్నూర. చిన్నరాములంటరు. పొద్దూకితే ఒళ్ళు కాలుతున్నదా? కడుపు గిట్ల పాడైందా?"

"నాకేం లేదు. పో."

గ్లాసు సగంలోనే పెట్టేసి నడిచాడు. ఆయన దగ్గుకుంటూ వెంటబడ్డాడు.

"కిడ్నీ మార్పిచ్చుకున్నోళ్ళు అల్కగ తీస్కోవద్దు తమ్మీ..."

శివకుమార్ ఆగిపోయాడు. చుట్టూ చూశాడు. అదృష్టం, తను పనిచేసే గోదాం మనుషులెవరూ లేరు.

ఆపరేషన్ సంగతి దాచిపెట్టి ఈ పనిలో చేరాడు. తెలిస్తే మేనేజర్ సూర్యారావు ఉంచుకోడని భయం. చేరిన రోజు నుంచీ కుదురు లేదు. చొక్కా కొంచెం జరిగినా కుట్ల మచ్చ కనబడుతుందేమోనని సర్దుకుంటాడు. మాత్రలు బాత్రూంలోకి పోయి మింగుతాడు.

నిజానికి జ్వరం వస్తూనే ఉంది. భార్య సునందకు కూడా చెప్పలేదు.

మర్నాడు చిన్నరాములు ఏకంగా గోదాం గేటు దగ్గరికే వచ్చాడు.

శివకుమార్ ఉరికినట్టు బయటికొచ్చాడు. "మళ్ళెందుకొచ్చినవ్?"

"జెర ఇను. జ్వరం, నీరసం, తిండి సయించకపోవుడు, విరేచనాలు, దమ్మొచ్చుడు, కండ్ల ముంగట నల్లచుక్కలు... ఏది కనవడ్డా మెడికల్ షాపు గోలీలు మింగి ఊకోకు. మీ డాక్టరు కాడికే పో. రక్తం పరీక్ష చెయ్యమను."

"మందులమ్ముతవా ఏంది?"

"అయ్యో, కాదు తమ్మీ. నేను..."

"మెల్లగ మాట్లాడు!"

లోపలి నుంచి ఎవరో తొంగిచూశారు. శివకుమార్‌కు చెమటలు పట్టాయి.

"మల్లేష్! ఈయన్ను పంపించు. దిమాక్ ఖరాబైనట్టుంది."

వాచ్‌మన్ మల్లేష్ ఆయన్ను భుజం పట్టి రోడ్డు దాకా తీసుకెళ్ళాడు. లారీలు లేపే దుమ్ములో, కాలిబాట రాయి మీద కూలబడి, చిన్నరాములు చాలాసేపు రొప్పాడు.

శివకుమార్ కిటికీలోంచి చూశాడు. తర్వాత కిటికీ మూసేశాడు.

ఆ సాయంత్రం మళ్ళీ ఒళ్ళు వెచ్చబడింది.

"అన్నం ముట్టనే లేదేంది?" అంది సునంద.

"క్యాంటీన్ల తిన్నది పడలే."

"ఎన్నిసార్లు పోతవు బాత్రూంకు?"

శివకుమార్ మళ్ళీ బాత్రూం వైపు నడిచాడు. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది. నిలబడితే కాళ్ళు లాగుతున్నాయి. ఆ పెద్దమనిషి మాటలు చెవిలోంచి పోవడం లేదు.

చివరికి ఉండబట్టలేక చెప్పేశాడు. జ్వరం సంగతి, ఆయన సంగతి, గేటు దగ్గర జరిగిన సంగతి.

సునంద మొహం పాలిపోయింది. "ఆయన చెప్పినవన్నీ ఉన్నయి గద నీకు! తెల్లారంగనే దవాఖానకు పోదాం."

రక్తపరీక్ష చూసి డాక్టరు వెంటనే చేర్చుకున్నాడు.

"సైటోమెగలో వైరస్. మామూలు మనిషికి వచ్చినా చాలాసార్లు తెలియనే తెలియదు. కొత్త కిడ్నీ నిలవడానికి మీరు వేసుకునే మందులు ఒంటికి పోరాడే శక్తిని తగ్గిస్తాయి. అందుకే మీకు ప్రమాదం."

"నాకెక్కడ అంటుకుంది సార్?"

"ఆ కిడ్నీతో పాటే వచ్చింది. ఇచ్చిన మనిషి ఒంట్లో నిద్రపోతూ ఉండుంటుంది. వైరస్ రాకుండా మొదట్లో ఇచ్చిన మందు ఆపేశాక, మీ ఒంట్లో లేచింది. ఇంకా ఆగి ఉంటే కిడ్నీ చేజారేది."

సునంద కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సూర్యారావుకు చెప్పక తప్పలేదు. ఆయన ఫోన్‌లో "ముందే చెప్పొద్దా? మంచిగైనంక రా" అన్నాడు, అంతే.

పూర్తిగా కోలుకున్నాక శివకుమార్ పండ్లు కొనుక్కుని హత్నూర పోయాడు. చిన్నరాములు ఇల్లెక్కడంటే, అడిగిన మొదటి మనిషే చూపించాడు.

తలుపు దగ్గర ఆయన భార్య కౌసల్య నిలబడి ఉంది.

"పెద్దాయన ఉన్నడా అమ్మా?"

"లేడు బిడ్డా. పోయిన నెలల పోయిండు."

పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో శివకుమార్‌కు తెలియలేదు.

"ఏమైంది?"

"జ్వరమే. ఆయనకూ కిడ్నీ మార్చిండ్రు. ఉత్త జ్వరమేలే అని ఊర్లనే సూదులేపిచ్చినం. పెద్ద దవాఖానకు పోయేసరికే ఊపిరితిత్తులకు పాకింది. కిడ్నీతోనే వచ్చిందన్నరు. ఇంటికి తోల్కొచ్చినంక ఒక్కతాన కూసుంటే ఒట్టు. వద్దన్న ఇనలే. ఆ పిలగానికి చెప్పాలె, చెప్పాలె అనుకుంట ముత్తంగికి ఉరికెటోడు."

"నేనాడ ఉంటనని ఎట్లెరుక?"

"చెకప్ కాడ, ముత్తంగి గోదాంల పని దొరికిందని నువ్వు నర్సమ్మతోని చెప్తుంటె విన్నడట."

శివకుమార్ పండ్ల సంచి గడప పక్కన పెట్టాడు.

"గంత మంది పేషంట్లున్నరు గదమ్మా. నాకోసమే ఎందుకు తిరిగిండు?"

కౌసల్య అతని మొహంలోకి చూసింది.

"ఆపరేషన్‌కు మీ ఇద్దర్ని ఒక్కపారే లోపటికి తీస్కపోయిండ్రు బిడ్డా... సచ్చిపోయిన ఒక్క మనిషియే రెండు కిడ్నీలు, ఒకటి ఆయనకు, ఒకటి నీకు."