నాలుగో సంచి

"సీసా నిండా ఫినాయిలు ఇచ్చాను. ఇంత మిగిలిందేం?"

సూపర్ మార్కెట్ వెనక సందులో, చెత్తకుండీ పక్కన నిలబడి, చేతిలో సీసా ఎత్తి చూపిస్తూ అడిగాడు సూపర్‌వైజరు. మధ్యాహ్నం షిఫ్టు దిగిపోయే వేళ.

ఊడ్చి తుడిచే ఆయా చీపురు గోడకి ఆనించింది. "అన్నిట్లోనూ పోశాను సార్."

తేదీ దాటిన బ్రెడ్లు, బన్నులు నల్ల సంచుల్లోకి ఎత్తడం, ఎవరూ ఏరుకు తినకుండా వాటిమీద ఫినాయిలు పొయ్యడం ఆమె పని. ఊరికే దొరికితే ఇక కొనేదెవరని ఓనరు హుకుం.

మొన్న ఒకామె చంకలో పిల్లతో వచ్చింది. సంచిలోంచి బన్ను తీసి వాసన చూసింది. అరచేత్తో తుడిచి మళ్ళీ చూసింది. ఏమీ అనకుండా తిరిగి సంచిలోనే పెట్టేసి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి పోయినా బాగుండేది. అప్పట్నుంచీ ఆయాకి ముద్ద నోటి దగ్గర పెట్టుకుంటే అదే కంపు. చేతులు ఎంత రుద్ది కడిగినా పోవడం లేదు.

అందుకే ఈరోజు నాలుగు సంచుల్లో ఒకటి వదిలేసింది.

సూపర్‌వైజరు సందు ఆ చివరా ఈ చివరా చూసి గొంతు తగ్గించాడు. "ఏ సంచిలో పొయ్యలేదు?"

"ఒట్టు సార్, అన్నిట్లో..."

"నేనేమీ అననులే. ఏ సంచో చెప్పు, చాలు."

పోయిన నెల పనిలోంచి తీసేసినామెనీ ఇలాగే మెత్తగా అడిగారు. బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తామని కరెంటువాళ్ళు నిన్ననే ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారు. ఆ తల్లీ, చంకలో మెడ వాల్చేసిన ఆ పిల్లా ఆయా కళ్ళ ముందు మెదిలారు. అయినా చెయ్యి ఆగలేదు.

"తప్పయిపోయింది సార్, నా పొట్ట కొట్టకండి!"

ఆయన "ఆగాగు" అనేలోపే సీసా లాక్కుని, నాలుగో సంచి మూతి విప్పి, ఆఖరి చుక్కదాకా కుమ్మరించేసింది. తల ఎత్తలేకపోయింది.

"చూడండి సార్... ఇప్పుడు అన్నిట్లోనూ పోసేశాను."

సూపర్‌వైజరు తెల్లగా తడిసిపోయిన బ్రెడ్ల వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఎంత పని చేశావమ్మా... ఇంట్లో గ్యాస్ అయిపోయి వారమైంది, పిల్లలకి పట్టుకెళదామనే అడిగాను."