గాలి తిరిగిన మధ్యాహ్నం

"గోగో, మీరొకసారి లోపలికి రండి," అంటూ నర్సు ఆగ్నెస్ తలుపు సగం తెరిచి పిలిచింది.

బెంచీ మీద కూర్చున్న పుష్పం చటుక్కున లేచింది. గోగో అంటే జూలూలో అమ్మమ్మ. ఆ మాట చెవిన పడగానే ఆమెకు ఒళ్ళు ఝల్లుమంది.

పొద్దున మార్‌బర్గ్‌లో ఇంటి నుంచి ఆసుపత్రికి బయలుదేరినప్పుడు అది జూలై నెలంటే, దక్షిణాఫ్రికాలో నడిచలికాలమంటే ఎవరూ నమ్మేవాళ్ళు కారు. కొండల మీంచి దిగిన వేడిగాలి వీధుల్లో దుమ్ము రేపుతూ నడివేసవిలా చెమటలు పట్టించింది. ఇంత ఉక్కపోసిందంటే దాని వెనకాలే చలి తరుముకొస్తుందని భర్త దొరసామి దారి పొడవునా చెబుతూనే వచ్చాడు. అన్నట్టే మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఆకు కదలలేదు. తర్వాత దక్షిణాన సముద్రం మీద నల్లటి గోడ లేచినట్టు మబ్బు లేచింది. వాన ఏటవాలుగా కొట్టింది. ఆసుపత్రి కప్పు మీద రేకులు టపటపలాడాయి. ఎక్కడో చెట్టు విరిగి తీగల మీద పడడంతో కరెంటు పోయింది. చూస్తుండగానే వరండాలో వాళ్ళందరి నోళ్ళ నుంచి ఆవిరి రావడం మొదలైంది.

దొరసామి కాలి కట్టు మార్పించుకోవడానికి మగవాళ్ళ వార్డు వైపు వెళ్ళాడు. పుష్పం ఒక్కతే ఆగ్నెస్ వెంట లోపలికి నడిచింది. గుమ్మం పక్కన 'తెల్లవాళ్ళకు మాత్రమే' అన్న పాత బోర్డు పీకేసిన చోట గోడ తెల్లగా మచ్చ కట్టి ఉంది. ఆ బోర్డు ఉన్న రోజుల్లో పుష్పం ఈ గుమ్మం దాటగలిగేది కాదు.

మంచం మీద ఒక బాలింతకు ఆపరేషన్ మత్తు ఇంకా దిగలేదు. పాప నెలలు నిండకుండా పుట్టింది. పాపను ఉంచిన అద్దాల పెట్టెలో వేడి చల్లారిపోతోంది. జనరేటరు ఆపరేషన్ గదికే సరిపోవడం లేదని, వంతెన మునిగి సాయంత్రం డ్యూటీ నర్సులు నది అవతలే చిక్కుబడిపోయారని, పాప తండ్రి కూడా బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళి అటే ఉండిపోయాడని ఆగ్నెస్ గబగబా చెప్పింది. వార్డులో ఇంకా ఎందరో తల్లులు, బిడ్డలు. చూసుకోవడానికి ఆమె ఒక్కతే. ఇక ఒంటి వేడి తప్ప ఈ పాపకు వేరే దారి లేదు.

"పట్టుకుంటారా గోగో? కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేను."

"ఇవ్వమ్మా," అంది పుష్పం.

ఆగ్నెస్ ఆమె జాకెట్టు గుండీలు విప్పి, పాపను రొమ్ముకు ఆనించి పడుకోబెట్టి, పైన చీర కొంగు, ఆపైన దుప్పటి చుట్టింది. తన గుండెల మీద ఒక పసిబిడ్డ బరువు కోసం పుష్పం ఎన్నేళ్ళుగానో ఎదురుచూసింది. మొక్కని దేవుడు లేడు. ఆ బరువు ఇంత తేలికగా ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. బిడ్డ పాదాలు ఐసుముక్కల్లా ఉన్నాయి.

గాలి విసురుకు ఒక కిటికీ అద్దం పగిలింది. ఆగ్నెస్ పరుపు అడ్డం పెట్టి మరో మంచం వైపు పరిగెత్తింది. ఆ క్షణంలోనే పుష్పానికి రొమ్ము మీద కదలిక ఆగినట్టనిపించింది. భయంతో ఆమెకు ఇంగ్లీషు రాలేదు. అవ్వ నోట విన్న తెలుగే తన్నుకొచ్చింది, అదీ తిట్టు రూపంలో.

"ఓసి దొంగదానా, ఊపిరి తియ్యి. ఇంత దూరం వచ్చి ఎక్కడికే పోతావు? తియ్యి ఊపిరి."

అరికాలు గట్టిగా రుద్దింది. ఇంకోసారి రుద్దింది. పాప పిల్లికూనలా కీచుమంది. పుష్పానికి కన్నీళ్ళు ఆగలేదు.

కాసేపటికి దొరసామి కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"బస్సుల్లేవంట. టాక్సీవాడొకడు మార్‌బర్గ్ పోతాడంట, ఇప్పుడే. మన ఇంటి రేకులు లేచిపోతాయేమో పుష్పం. వస్తావా?"

"లేచిపోనీయండి."

అతను దుప్పట్లోంచి కనిపిస్తున్న గుప్పెడంత తలను చాలాసేపు చూశాడు. తన కోటు విప్పి భార్య భుజాల మీద కప్పి, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పుష్పం జోలపాట ఎత్తుకుంది. మాటలు గుర్తులేని చోట కూనిరాగం తీసింది. నడుం పట్టేసినా కదలలేదు. గాలి హోరు పెరిగినప్పుడల్లా పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. మెల్లగా ఆ పాదాలు వెచ్చబడ్డాయి.

పొద్దు వాలే ముందు వాన వెలిసింది. గాలి నెమ్మదించింది. చలి మాత్రం మిగిలింది, కడిగినట్టున్న ఆకాశం కింద. వంతెన మీద నీళ్ళు తీశాయని వరండాలో ఎవరో అన్నారు. కాసేపటికే పాప తండ్రి కీత్ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, ఒళ్ళంతా ఇంకా తడే. అప్పుడే కళ్ళు తెరుస్తున్న భార్య నుదురు ముద్దు పెట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న అద్దాల పెట్టె చూసి అతని ముఖం పాలిపోయింది. ఆగ్నెస్ కుర్చీ వైపు చూపించింది.

అతను వచ్చి పుష్పం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె దుప్పటి తొలగించింది. పాప బుగ్గలు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి. హాయిగా నిద్రపోతోంది. పుష్పానికి వదలబుద్ధి కాలేదు. అయినా జాగ్రత్తగా తీసి అతని చేతుల్లో పెట్టింది.

కీత్ బిడ్డను గుండెకు హత్తుకుని ఏడ్చాడు.

"అమ్మా, మీరెవరు?" అన్నాడు.