ఆమేన్ రాని పూట

ఏలీయా తాత కళ్లు మూసుకొని "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాడో లేదో, గుమ్మంలో ముగ్గురు రజాకార్లు వచ్చి నిలబడ్డారు. ముగ్గురికీ కలిపి ఒకటే తుపాకీ.

"ఏమమ్మా, వాసన మస్తుగొస్తుంది," అన్నాడు తుపాకీ పట్టుకున్నవాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. "గంజుల ఏముంది?"

బల్ల మీది కూర గిన్నెలో నవోమి గరిటె ఆగిపోయింది. మెదక్ మిషన్ కాంపౌండులో దిక్కులేని ముసలివాళ్ల ఇంటికి ఆమే పెద్ద, ఆమే వంటమనిషి. రోడ్లు బందైన కాడి నుంచి ఆ ఇంటి పొయ్యి మీదికి జొన్న గటక, జొన్నరొట్టె తప్ప ఇంకోటి ఎక్కలేదు. అవి సయించక ఒక్కొక్కరే గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. లాజరైతే మంచం దిగడమే మానేశాడు. "ఈయన కడుపుల జర మాంసం రసం పడాలె. లేకుంటె నా మందుతోని ఏం గాదు," అని దవాఖాన డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఎట్లాగో ఇవాళ ఒక మేకపిల్ల దొరికింది. ఆ వాసనకు లాజరు తనంతట తానే లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"గటక, నాయనా," అంది నవోమి.

"మేక లెక్క మెడల గంట గట్టుకున్న గటకనా?" అన్నాడు రెండోవాడు. "భాయ్, గంజు ఎత్తుదామా?"

"ప్రార్థన నడుస్తుంది బిడ్డా. ఆ ముసలాయన ఆమేన్ అనేదాంక మేమే ముట్టం."

తుపాకీవాడు ఏలీయా వైపు చూశాడు. టోపీ సర్దుకున్నాడు. "ఆగుండ్రిరా. దువా నడుమ అన్నం మీద చెయ్యి వేస్తె మా అమ్మ గరిటెతోని కొడ్తుండె. అయిపోయినంక ఎత్తుదాం."

ముగ్గురూ బడిపిల్లల్లా గోడకు ఆనుకొని నిలబడ్డారు.

నవోమి ఏలీయా వైపు చూసింది. ఏలీయాకు చెవులు ఎప్పుడో పోయాయి. కళ్లు మూసుకున్నాడంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అయినా రోజూ గంజు మీద ఆవిరి పోకముందే, సరిగ్గా అందరి ఆకలీ గొంతుదాకా వచ్చే వేళకు "ఆమేన్" అంటాడు. అది దేవుడిచ్చిన వరమని ఇంట్లో అందరి నమ్మకం. ఆ వరమే ఇవాళ కొంప ముంచేట్టుంది.

ఆయన పక్కన కూర్చున్న యేసమ్మ రజాకార్లను ఒకసారి ఎగాదిగా చూసింది. రెండు కాళ్లూ బెంచీ మీదికి లాక్కొని బాసిపట్లు వేసుకుంది.

"ఏందే, దొరసాని లెక్క కూసున్నవ్?" అని గొణిగాడు లాజరు.

"నా కాళ్లు, నా ఇష్టం. నువ్వు దేవునికి దండం బెట్టు."

"అల్లాదుర్గ్‌ల వానలు పడనియ్యి తండ్రీ," అంటున్నాడు ఏలీయా. "రేగోడ్‌ల బర్లకు రోగం రానియ్యకు. బర్లను గాసేటోళ్లకు జెర్రం రానియ్యకు. వాండ్ల అత్తలకు మంచి బుద్ధి ఇయ్యి."

ఆవిరి పలుచబడింది. ఆమేన్ రాలేదు. రెండోవాడి కడుపు గుర్రుమంది. ముసలమ్మలు చెంగులు నోట్లో కుక్కుకున్నారు.

"ఇంకెంతసేపమ్మా?"

"మాగ్గూడ తెల్వది నాయనా," అంది నవోమి. అది మాత్రం నిజం.

ఆవిరి పూర్తిగా పోయింది. ఏలీయా మేకలను దీవించాడు, బాతులను దీవించాడు, మంజీర చేపలను దీవించాడు. లాజరు ఒక కన్ను దేవుడి మీద, ఒక కన్ను గంజు మీద పెట్టి గుటకలు మింగుతున్నాడు.

"టేక్మాల్‌ను యాదిచేస్కో తండ్రీ. కొడుకులు ఏ తొవ్వల తిరుగుతుండ్రో తెల్వక వాకిట్ల కూసున్న తల్లులను యాదిచేస్కో. గా పోరగాండ్లు తిన్నరో లేదో నువ్వే జూడు."

తుపాకీవాడు తల దించుకున్నాడు. "మాది టేక్మాలే," అన్నాడు, ఎవరూ అడగకుండానే.

అప్పుడే బయట ఇంకో రజాకారు సైకిలు గంట గణగణలాడింది. "భాయ్! ఉరుకుండ్రి! యూనియన్ మిలిటరీ జహీరాబాద్ దాటిందట!"

ఇద్దరు కిటికీలోంచి దూకారు. వాకిలి తెరిచే ఉందన్న సంగతి వాళ్లకు గుర్తురాలేదు. తుపాకీవాడు టోపీ తీసి చంకలో దాచుకొని గుమ్మందాకా పోయి, వెనక్కి తిరిగాడు.

"అమ్మా, తాత ఆమేన్ అనేలోపల టేక్మాల్ పేరు ఇంకొక్కసారి జెప్పమనుండ్రి."

నవోమి ఉట్టిలోంచి ఒక జొన్నరొట్టె తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు అది కొరుక్కుంటూ ఉరికాడు.

ఇల్లంతా నవ్వులతో ఊగిపోయింది. ముసలమ్మలు గరిటెలతో బల్ల వాయించారు. లాజరు తన పళ్లాన్ని టోపీలా నెత్తిన పెట్టుకొని, కిటికీ వైపు సలాం కొట్టాడు. ఏలీయా మాత్రం కళ్లు తెరవలేదు. చెమటలు కారుతుండగా మెదక్ కోళ్లను దీవించేదాకా వచ్చాడు.

యేసమ్మ నెమ్మదిగా కాళ్లు కిందికి దించింది.

"ఆమేన్!" అన్నాడు ఏలీయా.

నవోమి పరుగున వచ్చి ఆయన చెవిలో నోరు పెట్టి అరిచింది. "తాతా! రజాకార్లు వచ్చిండ్రని నీకెట్ల తెలిసింది? దేవుడే జెప్పిండా?"

"ఎవలొచ్చిండ్రు?" అన్నాడు ఏలీయా అయోమయంగా. చల్లారిపోయిన కూరను చూశాడు. కోపంగా యేసమ్మ వైపు తిరిగాడు.

"ఆవిరి పోకముందె రోజు బల్ల కింద నా కాలు తొక్కుతవ్ గదనే! ఇయ్యాల నీ కాళ్లు ఏడబోయినయ్? దీవించెతందుకు నాకు ఊర్లన్ని ఒడిసిపోయినయ్!"