అరగంట ఆరబెట్టండి

“ఆగమ్మా, ఆగు! నాలుగో స్టెప్పులో మెషీన్ ఆపేశావు. మరి రోగికి గాలెలా అందుతుంది?”

ముందు వరసలోంచి లేచిన ఆ గొంతు కామా మాస్టారిది. యంత్రాలకి మాన్యువల్స్ రాసేవాళ్ల సంఘంలో అందరికంటే పెద్దాయన. ఒక్క కామా జారిపోయినా ఊరుకోరు కాబట్టి ఆ పేరు. వేదిక మీదున్న ఆమె, ఈయన మళ్లీ మొదలెట్టారురా బాబూ అనుకుంటూ తెర వైపు తిరిగింది.

తెర మీద ఉన్నది ఆమె రాసిన పుస్తకమే. ఇళ్లలో వాడే ఆక్సిజన్ మెషీన్‌కి ఫిల్టర్ కడిగే పద్ధతి. నాలుగు: మెషీన్ ఆపండి. ఐదు: ఫిల్టర్ తీసి కడిగి, అరగంట ఆరబెట్టండి. ఆరు: రోగి ముక్కు గొట్టాన్ని సిలిండర్‌కి మార్చండి.

ఆ ఆరోది నాలుగో దానికంటే ముందుండాలి!

విషయాన్ని ముక్కలుగా రాసి పెట్టుకుంటాం, ఏ మోడల్‌కి కావలసిన ముక్కలు దానికి కంప్యూటరే పేర్చి పుస్తకం చేసేస్తుంది, మొదట్నుంచీ చివరిదాకా కూర్చుని చదివే చాకిరీ ఇక లేదు అని ఇంతసేపూ ఆమె గొప్పలు పోతున్నది ఈ కొత్త పద్ధతి గురించే. వేరే మోడల్ కోసం ఒక ముక్క కిందికి జరిపితే ఇక్కడా జరిగి కూర్చుంది. చదివితే కదా కనపడటానికి!

“అచ్చుకి వెళ్లలేదుగా ఇంకా?” అన్నారు మాస్టారు.

“వెళ్లింది మాస్టారూ. పెట్టెలన్నీ గోడౌన్‌లోనే ఉన్నాయి, సోమవారం దాకా కదలవు. కానీ ఒక్కటి... ఒక్కటి మా ఇంట్లో ఉంది.”

ఆ మెషీన్ మీద బతుకుతున్నది వాళ్లమ్మ. ఫిల్టర్ కడగాల్సింది ఇవాళే, పదకొండింటికి. కడిగేది చెల్లెలు, అదీ మొదటిసారి. “సొంత తెలివి వాడకు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యి” అని పొద్దున గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వచ్చింది. ఇప్పుడు పదకొండూ పది.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తే నాథుడు లేడు.

“గోడౌన్ వాళ్లకి నేను చెప్పి పెట్టెలు ఆపిస్తాలే. నువ్వు ముందు పరుగెత్తు తల్లీ!” అన్నారు మాస్టారు.

ట్యాక్సీ రెండు సిగ్నళ్లు దాటి మూడో దాని దగ్గర ఆగిపోయింది.

“కొంచెం పోనివ్వండన్నా, మీకు దణ్ణం పెడతాను.”

“ఎగిరి వెళ్లమంటారా అమ్మా? అందరూ ఆగారుగా.”

గొట్టం పది నిమిషాలు తీస్తే పెదాలు నీలమవుతాయని డాక్టర్ చెప్పాడు. తన పుస్తకమేమో అరగంట అంటోంది. అమ్మ మాత్ర వేసుకుని ఈపాటికి నిద్రలో ఉంటుంది, ఊపిరాడకపోయినా పిలవలేదు. చెల్లెలు బాల్కనీలో ఫిల్టర్‌ని ఎండకి పెట్టి, గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటుంది. అసలే చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. తన చేత్తో రాసి, తన నోటితో చెప్పి, కన్నతల్లిని తనే చంపుకుంటోంది.

లిఫ్టు ఎక్కడో పైన ఉంది. మూడంతస్తులూ మెట్ల మీదే ఎక్కింది. తలుపు తోసింది. మెషీన్ చప్పుడు లేదు. బాల్కనీలో ఫిల్టర్ ఆరుతోంది.

“ఏవే! అమ్మేదే?”

చెల్లెలు సబ్బు చేతులతో వంటింట్లోంచి పరుగున వచ్చింది. “అబ్బా, ఎందుకక్కా ఆ అరుపులు? పడుకుంది.”

ఆమె గదిలోకి దూకింది. అమ్మ కళ్లు మూసుకుని కదలకుండా ఉంది. ముక్కు దగ్గర గొట్టం. దాన్ని పట్టుకుని తడుముకుంటూ వెళ్లింది. మంచం పక్కనుంచి, కుర్చీ కిందనుంచి... సిలిండర్ దాకా. మీటరు ముల్లు నిండుగా ఉంది. అమ్మ గుండెలు మెల్లగా లేచి పడుతున్నాయి.

ఆమె అక్కడే నేల మీద చతికిలబడి భోరుమంది. చెల్లెలు బిత్తరపోయింది.

“గొట్టం ముందే మార్చావా? పుస్తకంలో అలా లేదు కదే!”

“ఏమో నాకేం తెలుసు? ఇన్నాళ్లూ నువ్వు కడగడం చూసిందిగా, అన్నీ అమ్మే దగ్గరుండి నోటితో చెప్పి చేయించింది.”

“మరి పుస్తకం?”

“ముట్టుకోనిస్తేగా! ‘తడి చేతులతో పట్టుకుంటే మా పెద్దది రాసిన పుస్తకం పాడైపోదూ’ అని లాక్కుని దిండు కింద పెట్టుకుంది. నువ్వు తెచ్చినప్పటి ప్లాస్టిక్ కవరే ఇంకా చింపనివ్వలేదక్కా!”