కంటిపాప

కంట్లో చుక్కల మందు వెయ్యబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క క్షణం ఆగు తల్లీ. మందు పడితే నాకంతా మసకైపోతుంది."

కంటాసుపత్రిలో ఆమె టెక్నీషియన్. ఆయన ఒకప్పుడు కాలేజీలో లాటిన్, గ్రీకు చెప్పినవాడు. నెలలో ఇది నాలుగోసారి రావడం. పక్క గది ఖాళీగా ఉన్నా ఆమె దగ్గరే చూపించుకుంటానని భీష్మించుకుని కూర్చుంటాడు. "మీ తాతగారొచ్చారు" అని తోటివాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు కూడా.

ఆవేళ ఆమె కళ్ళలోకే చూస్తూ ఒక మాట పుట్టుక కథ ఎత్తుకున్నాడు. కంటి నడుమ నల్లగా కనిపించేదాన్ని ఇంగ్లీషులో ప్యూపిల్ అంటారు కదా, అది లాటిన్ నుంచి వచ్చిందట. చిన్న బొమ్మ, చిట్టితల్లి అని అర్థమట. అంతకుముందే గ్రీకులు దాన్ని 'కోరే' అన్నారట. ఆ మాటకీ ఆడపిల్ల అనే అర్థమట.

"కంటికీ ఆడపిల్లకీ ఏం సంబంధమండీ?" అందామె సీసా మూత తిప్పుతూ.

"ఎదుటివాళ్ళ కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపం బొమ్మంత కనిపిస్తుందమ్మా. మనమూ పాప అనేగా అన్నాం."

బయట పాతికమంది పడిగాపులు కాస్తున్నారు. ఆమెకు విసుగొచ్చింది.

"మీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి మాస్టారూ. ఊసుపోక రావడానికి ఇది పార్కు కాదు. ఇంక రాకండి."

ఆయన చివాట్లు తిన్న పిల్లాడిలా లేచాడు. "నిజమేనమ్మా" అని మాత్రం అన్నాడు.

మళ్ళీ రాలేదు.

రెండు నెలలు గడిచాక ఒక పెద్దావిడ వచ్చింది. మాస్టారి భార్య. పోయినవారం ఆయన నిద్రలోనే పోయాడట. ఆసుపత్రికి వెళ్ళడం ఎందుకు మానేశారని అడిగితే, అక్కడ రద్దీ ఎక్కువ, పాపం ఆ పిల్లకి ఊపిరాడదు అన్నాడే తప్ప ఇంకో మాట అనలేదట.

ఆమె కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

ఆవిడ కూర్చుని, కాస్త వంగమంది. వంగితే, రెండు చేతులతో ముఖం పట్టుకుని ఎడమ కంట్లోకి చూస్తూ ఉండిపోయింది.

"ఏమిటమ్మా?"

"మూడేళ్ళు వాకబు చేసి నిన్ను పట్టుకున్నారు. తెలిస్తే నీ మనసు బరువెక్కుతుందని చెప్పొద్దన్నారు. ఆయనే లేరుగా ఇంక," అంది పెద్దావిడ చేతులు తియ్యకుండానే. "చూపు పోయిన నీ కంటికి ఆరేళ్ళ కిందట అతికించిన కార్నియా పొర మా అమ్మాయిదమ్మా."