ఎవరడిగినా

“మీ నాయన పేరేంది బిడ్డా?”

బడి గుమ్మంలో చతికిలబడిన మనిషి ముందు వరసలోని చిన్నకోటయ్యను అడిగాడు.

“మా అమ్మ ‘ఏమయ్యో’ అని పిలుస్తది” అన్నాడు వాడు. పిల్లలు గొల్లుమన్నారు.

శాంతమ్మ నవ్వలేదు. ఒకటో తరగతికి అక్షరాలకన్నా ముందు ఆమె నేర్పేది అదే. ఇళ్ళల్లో ఎవరూ పలకని తండ్రి పేరు పిల్లలకు బడిలోనే తెలిసేది. చిన్నకోటయ్యకు ఇంకా పట్టుబడలేదు.

ఆ మనిషి మంచినీళ్ళని వచ్చాడు. దోసిలి పట్టి తాగాడు. కానీ పోలేదు. భుజాన కంబళి, ఎండకు మాడిన మొహం. మాట కృష్ణకు అవతలిది.

నైజాంలో రజాకార్ల దాడులకు తాళలేక పుట్టిలో ఏరు దాటి వచ్చినవాళ్ళతో మాచర్ల చుట్టుపక్కల ఊళ్ళు నిండిపోయిన రోజులవి. వాళ్ళను వెతుక్కుంటూ వేగులవాళ్ళూ దాటి వస్తున్నారు. పోయిన నెల ఎగువ ఊరికి గాజులమ్మేవాడిలా వచ్చినవాడు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోయాడు. కొడుకు కోసం అడవిలోంచి బయటికొచ్చిన తండ్రిని అక్కడికక్కడే కాల్చేశారు.

శాంతమ్మ చూపు కిటికీ పక్కనున్న మాణిక్యం మీదికి పోయింది. వెంటనే తిప్పుకుంది.

ఆ పిల్ల అసలు పేరు లచ్చమ్మ. తండ్రి సంఘంలో మనిషి, అవతలి అడవుల్లో దాక్కుని తిరుగుతున్నాడు. శాంతమ్మ అతన్ని ఎన్నడూ చూడలేదు. ముక్కూమొహం తెలియని ముసలమ్మ ఒకతె రేవులో పిల్లను ఆమె ఒళ్ళో పడేసి, “దీన్ని దాచు తల్లీ, దీని కోసమే వాడు దొరుకుతడు” అని ఏడ్చి వెళ్ళిపోయింది. రాజుపాలెంలో ఉన్న తమ్ముడి కూతురని శాంతమ్మ ఊరంతటికీ చెప్పింది. పిల్ల ‘గట్ల’ అన్నప్పుడల్లా ‘అట్టా’ అని పలికించింది. పొద్దునా సాయంత్రం పాఠం వల్లె వేయించింది.

“బెల్లం పెడితే?”

“చెప్పను.”

“కొడితే?”

“చెప్పను.”

“ఎవరడిగినా?”

“ఎవరడిగినా చెప్పనత్తమ్మా.”

మొగుడూ పిల్లలూ లేని ఇంట్లో ఆ ‘అత్తమ్మా’ అనే పిలుపు వినకుండా ఆమెకు తెల్లవారడం లేదిప్పుడు. తన భయమంతా రజాకార్ల గురించేనా అని ఆమె తనను తాను ఒక్కసారీ అడిగి చూసుకోలేదు.

“ఇంక పో అన్నా, పాఠాలు చెప్పుకోవాలి” అంది.

“పోత పంతులమ్మా. జర పిల్లల్ని చూసి పోత.” అతను లేచి వరసల మధ్యకు వచ్చాడు. ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చి, మాణిక్యం ముందు గొంతుక్కూర్చున్నాడు.

శాంతమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

“నీ పేరేంది?”

పిల్ల అతన్ని రెప్పవేయకుండా చూసింది. చేతిలో బలపం పుటుక్కున విరిగింది.

“మాణిక్యం.”

“నాయన పేరు?”

“నరసయ్య.”

“ఏ ఊరు?”

“రాజుపాలెం.”

“గట్లనా? ఏరు అవతల కాదూ?”

“కాదు. అట్టా ఎవరు చెప్పారు నీకు?”

అతని పెదవులు వణికాయి. కోపమనుకుంది శాంతమ్మ. అతను చెయ్యి చాచి పిల్ల గడ్డం పట్టుకున్నాడు. “నిజం చెప్పు బిడ్డా. నాకు చెప్తే ఏంగాదు.”

“నరసయ్యేనంటే! నీకు చెవుడా?”

పిల్లలు మళ్ళీ నవ్వారు. శాంతమ్మ ఒక్క అంగలో వచ్చి అతని చెయ్యి విదిలించి కొట్టింది. “పిల్లను తాకావంటే మర్యాద దక్కదు. లే!”

అతను లేచాడు.

“మంచిగ నేర్పినవ్ పంతులమ్మా” అన్నాడు మెల్లగా. “మస్తు మంచిగ నేర్పినవ్.”

వీడికి తెలిసిపోయింది, అనుకుంది శాంతమ్మ. మనుషుల్ని తీసుకుని మళ్ళీ వస్తాడు. ఏరు దాటనివ్వకూడదు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చూరుకు బడిగంటగా వేలాడే రైలు పట్టాముక్కను బాదింది. వేళగాని వేళ గంట మోగితే అర్థమేమిటో రేవుగట్టున కాపలా కాసే కుర్రాళ్ళకు తెలుసు. కర్రలతో పరుగెత్తుకొచ్చారు.

“ఎవరు పంతులమ్మా?”

“కంబళివాడు! వేగులవాడు! రేవుకు పోతున్నాడు, పుట్టి ఎక్కనివ్వబాకండి!”

దుమ్ము రేగింది. పిల్లలందరూ తమాషా చూడటానికి వాళ్ళ వెనక ఉరికారు. మాణిక్యం ఒక్కతే కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. అడక్కుండా బయటికి పోకూడదని అది కూడా నేర్చుకుంది.

శాంతమ్మ దాన్ని గుండెకు హత్తుకుంది. ఇద్దరిలో వణుకుతున్నది తానే.

“భయమేసిందా తల్లీ?”

“లేదత్తమ్మా.”

“నా బంగారమే! ఒక్క మాట తప్పలేదు.”

రేవు వైపు నుంచి కేకలు వినిపించాయి. కర్ర దెబ్బలు. ఎవరో మనిషి ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోయాడు.

లెక్క కుదిరిన పిల్లలా మాణిక్యం కళ్ళు మెరుస్తున్నాయి. బడిలో ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని, అత్తమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, మరిచిపోయిందనుకున్న యాసలో గుసగుసగా అంది:

“మా నాయనడిగినా చెప్పలే.”