పదకొండు రోజులు

జైలు సూపరింటెండెంటు టైలరమ్మకు కుర్చీ వేయించాడు.

"మీ ఫిర్యాదు చెప్పండి, మావాళ్ళు టైపు చేస్తారు. ఆ గుమాస్తా సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు తియ్యగా.

టైలరమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది.

ఆమె భర్త లేత్ మెకానిక్. వీధిలోకి రంగునీళ్ళు వదులుతున్న ఫ్యాక్టరీ గేటు ముందు నలుగురినీ పోగేసి మాట్లాడాడు. మర్నాడే పట్టుకుపోయారు. కేసు లేదు, విచారణ లేదు. రేపు ఏదో గొడవ చేస్తాడేమోనని ఇవాళే లోపల వేసే చట్టమట. ఏడాది దాకా ఉంచొచ్చట.

అలా పట్టుకున్న మనిషికి మిగిలింది ఒక్కటే. తన మాట వినమని ప్రభుత్వానికి విన్నపం రాసుకోవచ్చు. జైలువాళ్ళు దాన్ని వెంటనే పైకి పంపాలి.

భర్త రాశాడు. జైలు గుమాస్తా తీసుకున్నాడు.

మర్నాడు టైలరమ్మ చంకలో పిల్లతో జైలు కిటికీ దగ్గర నిలబడింది.

"మా ఆయన కాగితం పైకి పోయిందా బాబూ?"

"పోలేదమ్మా."

మూడో రోజూ అదే మాట. ఏడో రోజుకి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఎందుకు పోలేదయ్యా? నీ చేతులు పడిపోయాయా?"

గుమాస్తా ఒకసారి వెనక గది తలుపు వైపు చూశాడు. తల దించుకుని రిజిస్టరులో ఏదో రాసుకున్నాడు.

"రేపు రండమ్మా."

ఆ రోజే అతనికి నత్త అని పేరు పెట్టింది.

పదకొండో రోజుకు గానీ కాగితం కదల్లేదు. వారం తిరక్కుండా పైనుంచి జవాబు వచ్చింది, వదలం పొమ్మని.

భర్త తరఫున వకీలు కోర్టుకెక్కాడు. నాలుగో నెలలో భర్త విడుదలయ్యాడు. కోర్టులో ఏం వాదించుకున్నారో ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. విడుదల అన్న మాట చెవిన పడగానే జైలు గేటుకు పరుగెత్తింది.

ఇంటికొచ్చిన తండ్రిని చూసి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఎవరో కొత్తవాడనుకుంది.

ఆ ఏడుపు విన్నాక నత్తను వదలకూడదనుకుంది టైలరమ్మ.

"బయటపడ్డాం కదే, ఇక వదిలెయ్" అన్నాడు భర్త.

"నువ్వు వదిలెయ్. జైలు వాకిట్లో నిలబడి తిట్లూ శాపనార్థాలూ పెట్టుకున్నది నేను. నేను వదలను."

ఆమె టైపు చేయించిన ఫిర్యాదు మీద విచారణకు పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన పక్కనే సూపరింటెండెంటు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. గుమాస్తా నిలబడ్డాడు. కాలరు అరిగిపోతే తిరగేసి చేత్తో కుట్టుకున్న చొక్కా. కుట్టు వంకరగా ఉంది. ఎంతైనా కుట్టుపని మనిషి, టైలరమ్మ కన్ను ముందు అక్కడికే పోయింది. జాలి మాత్రం కలగలేదు.

"పదకొండు రోజులు కాగితం ఎవరి దగ్గరుందమ్మా?" అడిగాడు అధికారి.

"ఈయన దగ్గరే సార్. రోజూ ఈయన్నే అడిగాను."

"నువ్వేమంటావయ్యా?"

"నోటితో చెబితే నమ్మరు సార్" అన్నాడు గుమాస్తా. "రిజిస్టరు కోర్టులో ఉండిపోయింది. రెండు రోజులు గడువిస్తే నకలు తెచ్చుకుంటాను."

అధికారి వాచీ చూసుకున్నాడు.

"ఫిర్యాదు మీది కదమ్మా. ఇద్దామా గడువు?"

టైలరమ్మ దిగ్గున లేచింది.

"మా ఆయన మాట విన్నాకే లోపలేశారా సార్? ఈయన మాట మాత్రం ఎందుకు వినాలి?"

"న్యాయమే" అన్నాడు సూపరింటెండెంటు.

గుమాస్తా ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకు ఆమెకు ఇంకా మండింది.

వారంలో ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం పోయింది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

టైలరమ్మ షాపు మూసి మరీ చూడ్డానికి వెళ్ళింది. రిక్షాబండి మీద ఇనుప మంచం, రెండు ట్రంకుపెట్టెలు, మూటల మధ్య కాళ్ళు పనిచెయ్యని ముసలి తల్లి.

"నా ఉసురు ఊరికే పోతుందా? అనుభవించు!" అంది వీధంతా వినబడేలా.

"ఎవర్రా ఆ అమ్మాయి?" అడిగింది తల్లి.

"తెలిసినావిడేనమ్మా" అన్నాడు గుమాస్తా మూట సర్దుతూ.

బండి మలుపు తిరిగిపోయింది. ఏ ఊరు వెళ్తున్నారో పక్కింటివాళ్ళకు కూడా చెప్పలేదట.

అక్కణ్ణించి నేరుగా వకీలు ఆఫీసుకు వెళ్ళింది. ఈ శుభవార్త ఆయనకు చెప్పకుండా ఎలా? నవ్వుతూ, చేతులు తిప్పుతూ అంతా చెప్పింది.

వకీలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గడువు అడిగాడా?"

"అడిగాడు. నేను ఇవ్వనిస్తానా!"

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"ఎవరికి తెలుసు? ఏ గంగలో దూకితే మనకేంటి?"



"పదకొండో రోజునే విన్నపం అందింది, అదే రోజు పంపేశామని సూపరింటెండెంటు కోర్టులో ప్రమాణం చేశాడమ్మా. అది అబద్ధమని తేలకపోతే మీ ఆయన ఇంకా లోపలే ఉండేవాడు. విన్నపాన్ని అన్నాళ్ళు తొక్కిపెట్టారు కాబట్టే కోర్టు వదిలేసింది."

"తొక్కిపెట్టింది ఆ నత్తే కదండీ?"

"అందిన రోజే దాన్ని సూపరింటెండెంటు బల్ల మీద పెట్టి, రోజూ గుర్తుచేసి, ఆ పేజీ చింపి కొత్త తేదీతో రాయమంటే రాయనని, రిజిస్టరును ఉన్నదున్నట్టు తెచ్చి జడ్జిగారి ముందు పెట్టింది అతనేనమ్మా" అన్నాడు వకీలు.